మెడిచి కుటుంబం: తెర మీది కథ, ఖాతా పుస్తకంలోని లెక్క

పోటీ పరీక్షలకు చదివే అభ్యర్థికి సాంస్కృతిక పునరుజ్జీవనం అన్న పాఠంలో మెడిచి అనే పేరు తప్పక ఎదురవుతుంది. ఫ్లోరెన్స్ నగరానికి చెందిన బ్యాంకర్లు, కళాపోషకులు అని ఒక్క వాక్యంలో పరిచయం చేసి పాఠ్యపుస్తకం ముందుకు సాగిపోతుంది. మిగతా సంగతి తెలుసుకుందామని అంతర్జాలంలో వెతికితే సమాచారం వరదలా వచ్చిపడుతుంది. ఆధునిక బ్యాంకింగ్‌ను వారే కనిపెట్టారని ఒకరు, ఐరోపా ఖండాన్ని తెర వెనుక నుంచి నడిపారని మరొకరు, శత్రువులను విషం పెట్టి చంపించారని ఇంకొకరు రాస్తారు. 2016లో మొదలైన ‘మెడిచి’ టెలివిజన్ ధారావాహిక, బ్యాంకు స్థాపకుడు జొవాన్ని ది బిచ్చి విషప్రయోగంతో మరణించడంతోనే ఆరంభమవుతుంది. ఆయన 1429లో, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో కన్నుమూశారన్నది చరిత్ర. విషం సంగతి ధారావాహిక రచయితల కల్పన.

విశేషమేమిటంటే, ఈ కల్పనలను వడ్డించే అంతర్జాలంలోనే ఆ కుటుంబం తన చేత్తో రాసుకున్న ఉత్తరాలు, ప్రభుత్వానికి సమర్పించిన పన్ను పత్రాల వివరాలు కూడా ఉన్నాయి. ఒకప్పుడు ఫ్లోరెన్స్ వెళ్లి, అనుమతి పొంది, రోజుల తరబడి కూర్చుంటే తప్ప కనబడని కాగితాలను ఇప్పుడు వరంగల్‌లోనో, విజయవాడలోనో ఉండి చూడవచ్చు. వాటి ద్వారా తెలిసే మెడిచి బ్యాంకు మనం విన్నంత పెద్దదీ కాదు, విన్నంత కాలం నిలిచినదీ కాదు. ఆ తేడాను ఎలా పట్టుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కుటుంబ చరిత్రను క్లుప్తంగా చూద్దాం. జొవాన్ని ది బిచ్చి 1397లో రోమ్ నుంచి తన వ్యాపార కేంద్రాన్ని ఫ్లోరెన్స్‌కు మార్చారు. బ్యాంకు పుట్టిన సంవత్సరంగా చరిత్రకారులు లెక్కించేది దీన్నే. ఆయన కుమారుడు కోజిమో 1433లో ప్రత్యర్థుల చేత నగర బహిష్కారానికి గురై, మరుసటి ఏడాదే తిరిగివచ్చి, ఏ సింహాసనమూ ఎక్కకుండానే 1464 వరకు నగర రాజకీయాలను శాసించారు. కోజిమో మనుమడు, ‘మహనీయుడు’ అన్న బిరుదుతో ప్రసిద్ధుడైన లొరెంజో 1492లో మరణించారు. రెండేళ్లకే, 1494లో, ఆయన కుమారుడు పియెరోను ఫ్లోరెన్స్ ప్రజలు తరిమివేశారు. బ్యాంకు అంతటితో ముగిసింది. అంటే దాని ఆయుర్దాయం 97 ఏళ్లు మాత్రమే. కుటుంబం మాత్రం ముగియలేదు. పదో లియో, ఏడో క్లెమెంట్ అనే ఇద్దరు పోప్‌లు ఆ ఇంటివారే. 16వ శతాబ్దంలో తిరిగివచ్చిన మెడిచిలు డ్యూకులుగా, 1569 నుంచి టస్కనీ గ్రాండ్ డ్యూకులుగా 1737 దాకా పాలించారు. కాబట్టి ‘మూడు శతాబ్దాల పాటు ఐరోపాను ఏలిన మెడిచి బ్యాంకు’ అని ఎక్కడైనా కనబడితే, అది రాసినవారు బ్యాంకు చరిత్రనూ వంశ చరిత్రనూ కలిపి కుట్టేశారని గ్రహించాలి.

అసలు పత్రాలు ఎక్కడ ఉన్నాయి?

బ్యాంకు కాలం నాటి కుటుంబ పత్రాలు ఫ్లోరెన్స్ ప్రభుత్వ అభిలేఖాగారంలో ‘మెడిచేవో అవంతి ఇల్ ప్రిన్చిపాతో’ అన్న పేరుతో భద్రంగా ఉన్నాయి. రాజరికానికి పూర్వపు మెడిచి పత్రాలు అని దాని అర్థం. 160కి పైగా ఉన్న ఈ సంపుటాల పుటలను ఆ సంస్థే ఛాయాచిత్రాలుగా తీసి అంతర్జాలంలో ఉంచింది. కోజిమోకు వచ్చిన ఉత్తరాలు, శాఖల మేనేజర్ల నివేదికలు, ఆస్తుల జాబితాలు అందులో ఉంటాయి. గ్రాండ్ డ్యూకుల కాలం నాటి ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంకా విస్తారం. అవి ఆరువేలకు పైగా సంపుటాలు. వాటిలోని సమాచారాన్ని చదివి, వర్గీకరించి, శోధనకు వీలుగా అందించే పనిని ‘మెడిచి ఆర్కైవ్ ప్రాజెక్ట్’ అనే పరిశోధన సంస్థ 1990ల నుంచి చేస్తున్నది.

వీటికంటే కొత్తవారికి వెంటనే అక్కరకు వచ్చేది ‘కతాస్తో’. 1427లో ఫ్లోరెన్స్ ప్రభుత్వం ఇంటింటి ఆస్తినీ, అప్పునూ, ఇంట్లో ఉన్న మనుషులనూ లెక్కగట్టి పన్ను వేసింది. ఆ లెక్కల పేరే కతాస్తో. డేవిడ్ హెర్లిహీ, క్రిస్టియన్ క్లాపిష్-జుబేర్ అనే చరిత్రకారులు టస్కనీలోని దాదాపు 60 వేల కుటుంబాల వివరాలను కంప్యూటర్‌కు ఎక్కించారు. అందులో ఫ్లోరెన్స్ నగర భాగాన్ని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం శోధనకు వీలుగా ఉంచింది. ఇటాలియన్ లిపితో కుస్తీ పట్టనవసరం లేకుండానే ఇక్కడ ఒక గొప్ప భ్రమ తొలగిపోతుంది. ఆ ఏడాది ఫ్లోరెన్స్‌లో అత్యధిక పన్ను పడినవారు మెడిచిలు కారు. పల్లా స్ట్రోజి అనే పెద్దమనిషిపై 507 ఫ్లోరిన్ల పన్ను పడగా, జొవాన్ని ది బిచ్చిపై పడినది 397 ఫ్లోరిన్లు. పన్ను రేటు నికర ఆస్తిలో నూటికి అర చొప్పున గనుక, స్ట్రోజి ఆస్తి లక్ష ఫ్లోరిన్లు దాటిందనీ, జొవాన్నిది 80 వేలకు కొంచెం తక్కువనీ సులువుగా లెక్కగట్టవచ్చు.

అయితే పన్ను పత్రాన్ని పన్ను పత్రంగానే చదవాలి. ఆస్తిని తక్కువ చేసి, అప్పును ఎక్కువ చేసి చూపడం ఆ నగరంలో కొత్తేమీ కాదు. (ఏ నగరంలోనైనా అంతేనని పాఠకులు అనుకుంటే తప్పుపట్టలేం.) మెడిచిల అసలు లెక్క ‘లీబ్రో సెగ్రెతో’, అంటే రహస్య పుస్తకంలో ఉండేది. భాగస్వాముల మూలధనం, లాభాల పంపకం గుమాస్తాల కంట పడకుండా యజమానులు దాచుకునే ఆవర్జా అది. 1397 నుంచి 1450 వరకు ఉన్న మూడు రహస్య పుస్తకాలు 1950లో ఫ్లోరెన్స్ అభిలేఖాగారంలో వెలుగుచూశాయి. వాటి ఆధారంగా బెల్జియంలో పుట్టిన చరిత్రకారుడు రేమండ్ డి రూవర్ 1963లో మెడిచి బ్యాంకు ఉత్థాన పతనాలపై ప్రచురించిన గ్రంథమే నేటికీ ఈ విషయానికి పునాది. అంతర్జాలంలో బ్యాంకు గురించి కనబడే అంకెల్లో ఎక్కువ భాగం, పేరు చెప్పినా చెప్పకపోయినా, ఆ పుస్తకం నుంచి వచ్చినవే.

ఆ రహస్య పుస్తకాలు ఏం చెబుతున్నాయి? ఫ్లోరెన్స్‌లో బ్యాంకు మొదలైనప్పటి మూలధనం 10 వేల ఫ్లోరిన్లు. అందులో జొవాన్ని వాటా 5,500. మొదటి 23 ఏళ్లలో వచ్చిన మొత్తం లాభం సుమారు లక్షన్నర ఫ్లోరిన్లు. అందులో సగానికి పైగా రోమ్ శాఖదే. అంటే ఆ సంపదకు మూలం ఫ్లోరెన్స్ వీధుల్లో కాక పోప్ దర్బారులో ఉంది. క్రైస్తవ ఐరోపా నలుమూలల నుంచి చర్చికి చేరవలసిన సొమ్మును రోమ్‌కు చేరవేసే పని వారి చేతిలో ఉండేది. పరిమాణం విషయానికి వస్తే, ఒక శతాబ్దం ముందు ఫ్లోరెన్స్‌లోనే వర్ధిల్లి దివాలా తీసిన పెరుజి, బార్ది సంస్థలు మెడిచి బ్యాంకు కంటే పెద్దవి. 1470 ప్రాంతంలో మెడిచిల అన్ని శాఖల సిబ్బందినీ కలిపినా అరవై మందికి అటూ ఇటూగానే ఉంటారని డి రూవర్ అంచనా. మన జిల్లా కేంద్రంలోని ఒక పెద్ద బ్యాంకు కార్యాలయాన్ని ఊహించుకుంటే సరిపోతుంది.

వడ్డీ అనకుండా వడ్డీ

వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి నిషేధించిన కాలంలో చర్చికే బ్యాంకరుగా ఉన్నవారు లాభం ఎలా గడించారు? దీనికి జవాబు వినిమయ బిల్లు. ఒక వర్తకుడు ఫ్లోరెన్స్‌లో ఫ్లోరిన్లు తీసుకుంటాడు. మూడు నెలల తరువాత లండన్‌లో తన ప్రతినిధి ఇంగ్లండు నాణెంలో చెల్లిస్తాడని పత్రం రాసిస్తాడు. అక్కడ అందిన సొమ్మును అదే పద్ధతిలో తిరిగి ఫ్లోరెన్స్‌కు పంపుతారు. రెండుచోట్లా మారకపు రేటు ఒకటి కాదు గనుక, వెళ్లివచ్చేసరికి సాధారణంగా అప్పిచ్చినవాడికి నాలుగు రాళ్లు మిగులుతాయి. లాభం ముందే నిశ్చయం కాదు, రేటు తలకిందులైతే నష్టమూ రావచ్చు గనుక దీన్ని వడ్డీగా పరిగణించలేదు. మన వర్తకుల హుండీలో కూడా ఒక ఊళ్లో ఇచ్చి మరో ఊళ్లో పుచ్చుకోవడమే కీలకం. (హుండీ అనగానే నేటి తెలుగు పాఠకుడికి గుడిలోని కానుకల పెట్టె గుర్తుకు వస్తుంది, ఇక్కడ చెబుతున్నది షావుకార్ల హుండీ.) డిపాజిట్లకూ ఇలాంటి మార్గమే ఉండేది. సొమ్ము దాచుకున్న మతాధికారికి బ్యాంకరు తన ఇష్టానుసారం ‘కానుక’ ఇచ్చేవాడు. ఆ కానుక ఏటేటా క్రమం తప్పకుండా అందేది.

మెడిచిల అసలు చాతుర్యం సంస్థ నిర్మాణంలో కనబడుతుంది. రోమ్, వెనిస్, జెనీవా, బ్రూజ్, లండన్, మిలాన్ శాఖలు ఒకే కంపెనీ కావు. ప్రతిదీ విడి భాగస్వామ్యం. స్థానిక మేనేజరు కూడా వాటాదారు. 1455లో దమియానో రుఫీని అనే మిలాన్ వర్తకుడు లండన్ శాఖ దగ్గర కొన్న తొమ్మిది మూటల ఉన్ని సరిగా కట్టలేదని బ్రూజ్ శాఖపై దావా వేశారు. రెండింటి యజమాని ఒక్కరే కదా అన్నది ఆయన వాదన. లండన్ శాఖ వేరు, మా శాఖ వేరు అని బ్రూజ్ తరఫున తొమ్మాజో పోర్టినారి వాదించగా, న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. మాతృసంస్థ, అనుబంధ సంస్థ, వాటి విడివిడి బాధ్యతలు అంటూ నేటి వాణిజ్య వార్తల్లో మనం తరచు వినే మాటలకు ఆ కేసు ఐదున్నర శతాబ్దాల నాటి ఉదాహరణ. జంటపద్దు విధానాన్ని మెడిచిలు కనిపెట్టారన్న మాట మాత్రం నిజం కాదు. 1340 నాటి జెనోవా నగర ఖాతాల్లోనే అది ఉంది.

పేరు ఒకటే, మనుషులు నలుగురు

పరిశోధనలో కొత్తవారు మొదట బోల్తాపడేది పేర్ల దగ్గర. తాత పేరు మనుమడికి పెట్టుకునే అలవాటు మనకూ ఉన్నదే. మెడిచిలలో ప్రసిద్ధులైన లొరెంజోలు కనీసం నలుగురు: కోజిమో తమ్ముడు ఒకరు, ‘మహనీయుడు’ మరొకరు, ఆయన దాయాది లొరెంజో ది పియెర్‌ఫ్రాంచెస్కో ఇంకొకరు, మనుమడైన అర్బీనో డ్యూకు నాలుగో వారు. మాకియవెల్లీ ‘ది ప్రిన్స్’ గ్రంథాన్ని అంకితమిచ్చింది ఈ నాలుగో లొరెంజోకు. ‘మహనీయుడు’ లొరెంజోకు అంకితమిచ్చారని రాసే పుటలు నేటికీ కనబడతాయి. బొటిచెల్లి చిత్రం ‘ప్రిమవేరా’ కూడా చాలాకాలం ‘మహనీయుడి’ ఖాతాలోనే జమ అయింది. 1975లో ప్రచురితమైన 15వ శతాబ్దాంతపు ఆస్తుల జాబితాలను బట్టి, అది అప్పట్లో దాయాది ఇంట్లో ఉండేదని తేలింది. ‘ది’ అన్న చిన్న మాట తరువాత వచ్చే తండ్రి పేరును చదవకుండా దాటవేస్తే మనిషే మారిపోతాడన్నమాట.

రెండో చిక్కు తేదీ. ఫ్లోరెన్స్ వారికి కొత్త సంవత్సరం జనవరి 1న మొదలయ్యేది కాదు. మార్చి 25న, అంటే ఇంచుమించు మన ఉగాది రోజుల్లో మొదలయ్యేది. 1750లో గాని ఈ పద్ధతి మారలేదు. కాబట్టి ఒక ఉత్తరంపై ఫిబ్రవరి 1433 అని ఉంటే మన లెక్కలో అది 1434. ‘మహనీయుడు’ లొరెంజో పుట్టినది 1449 జనవరి 1న. ఆనాటి ఫ్లోరెన్స్ లెక్కలో అది ఇంకా 1448. ఒకే సంఘటనకు రెండు పుటలు రెండు సంవత్సరాలు చెబితే, ఏదో ఒకటి అబద్ధమని తొందరపడే ముందు నెల చూడాలి.

మూడోది, సంపుటి ఎవరిదన్న ప్రశ్న. లండన్‌లో ప్రసిద్ధ దుకాణాన్ని స్థాపించిన హ్యారీ గోర్డన్ సెల్ఫ్‌రిడ్జ్ సేకరించిన మెడిచి ఖాతా పుస్తకాలు ఇప్పుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అవి అమూల్యమైనవే. కాని అవి బ్యాంకు నడిపిన ఇంటివి కావు, ఉన్ని వ్యాపారం చేసిన దాయాదులవి. ‘మెడిచి ఖాతాలు’ అన్న శీర్షిక చూసి అందులో కోజిమో లెక్కల కోసం వెతికితే శ్రమ వృథా.

బ్యాంకు ఎందుకు కూలింది?

ఇక్కడే ఆధారాలు పలచబడతాయి. 1450 తరువాతి రహస్య పుస్తకాలు మిగలలేదు. అందువల్ల పతనం కథను ఉత్తరాల నుంచీ, విడి లెక్కల నుంచీ కూర్చుకోవలసి వచ్చింది. వాటి సారాంశం ఇది: రాజులకు అప్పులివ్వడంలో కోజిమో పాటించిన జాగ్రత్త తరువాత సడలింది. లండన్ శాఖ ఇంగ్లండు రాజు నాలుగో ఎడ్వర్డ్‌కు అప్పులిచ్చి కూరుకుపోయింది. బ్రూజ్‌లో పోర్టినారి బర్గండీ డ్యూకు చార్లెస్‌కు అవధులు దాటి అప్పులిచ్చారు. ఆ డ్యూకు 1477 జనవరిలో నాన్సీ యుద్ధంలో హతమయ్యారు. 1473లో పోర్టినారి పంపిన ఓడను డాన్‌జిగ్ నగరపు నౌకాదోపిడీదారుడు పట్టుకున్నాడు. అందులో ఉన్న సరకులో బ్రూజ్ శాఖ పూర్వ మేనేజరు ఆంజెలో తానీ వేయించిన చిత్రం కూడా ఉంది. హన్స్ మెమ్లింగ్ గీసిన ఆ ‘అంతిమ తీర్పు’ ఫ్లోరెన్స్ చేరనేలేదు. నేటికీ పోలెండ్‌లోని గ్డాన్స్క్‌లోనే ఉంది. 1480ల ఆరంభానికి బ్రూజ్, లండన్, మిలాన్ శాఖలు మూతపడ్డాయి.

రోమ్‌లో పరిస్థితి మరింత విషమించింది. పోప్ నాలుగో సిక్స్టస్ 1474లో తన ఖజానా వ్యవహారాలను మెడిచిల నుంచి తప్పించి ప్రత్యర్థులైన పాజి కుటుంబానికి అప్పగించారు. 1478 ఏప్రిల్ 26న ఫ్లోరెన్స్ ప్రధాన చర్చిలో ప్రార్థన సమయంలో కుట్రదారులు లొరెంజోపై, తమ్ముడు జులియానోపై దాడి చేశారు. జులియానో అక్కడే మరణించారు. లొరెంజో మెడకు గాయంతో బయటపడ్డారు. ఈ కుట్రలో అర్బీనో పాలకుడు ఫెదెరికో ద మాంతెఫెల్త్రో పాత్రను బయటపెట్టిన రహస్య లిపి ఉత్తరాన్ని చరిత్రకారుడు మార్చెల్లో సిమొనెట్టా ఛేదించి చదివింది మన కాలంలోనే, 2000 దశకంలో.

ఆ సంక్షోభంలో లొరెంజో ఎవరి సొమ్ముతో నిలదొక్కుకున్నారన్నది ఈ చరిత్రలో అన్నిటికంటే ఇబ్బందికరమైన ప్రశ్న. తన సంరక్షణలో ఉన్న దాయాది పిల్లల ఆస్తి నుంచి ఆయన 53 వేలకు పైగా ఫ్లోరిన్లు వాడుకున్నారు. వారు పెద్దవారై నిలదీస్తే 1485లో కఫజోలో భవంతినీ, ముజెల్లో ప్రాంతపు భూములనూ వదులుకోవలసి వచ్చింది. రెండో ఆరోపణ ఇంకా పెద్దది. చట్టబద్ధమైన అనుమతి లేకుండా లొరెంజో కోసం దాదాపు 75 వేల ఫ్లోరిన్ల ప్రజాధనం చెల్లించారని, దాన్ని వారసుల నుంచి రాబట్టాలని 1495లో నగర అధికారులు లెక్క తేల్చారు. కళలకు స్వర్ణయుగమని కీర్తించే పుటలు దీన్ని ప్రస్తావించవు; ఆయనను దొంగగా చూపే పుటలు దీని సంవత్సరం చెప్పవు. ఆ సంవత్సరం కీలకం. మెడిచిలను తరిమివేసిన మరుసటి ఏడాది, వారి ఆస్తులు జప్తులో ఉన్నప్పుడు, వారి ప్రత్యర్థుల ప్రభుత్వం రూపొందించిన లెక్క అది. అంతమాత్రాన దాన్ని కొట్టిపారవేయలేం. ఆ అంకెను గ్రంథస్తం చేసిన డి రూవర్, పాజి కుట్ర తరువాత బ్యాంకు దివాలా తీయకుండా ఆదుకున్నది బహుశా ఆ ప్రజాధనమేనని భావించారు. ఈ వ్యాసకర్త అభిప్రాయంలోనూ, దాయాదుల సొమ్ము విషయం చూశాక ఆ ఆరోపణను కేవలం కక్షసాధింపుగా భావించడం కష్టం.

మూల పత్రాలను నేరుగా చదవడం అందరికీ సాధ్యం కాదు. వర్తకుల చేతిరాత ‘మెర్కాంతెస్కా’ అనే గొలుసుకట్టు. ఇటాలియన్ తెలిసినవారికే కొరుకుడు పడదు. అటువంటప్పుడు ఆశ్రయించదగినది ట్రెక్కాని సంస్థ ఉచితంగా అందించే ఇటలీ జీవితచరిత్రల నిఘంటువు. నిపుణులు రాసిన ఆ వ్యాసాలను యంత్రానువాదంలో చదివినా విషయం బోధపడుతుంది. ప్రతి వ్యాసం చివరా ఏ పత్రం ఎక్కడుందో ఉంటుంది. కృత్రిమ మేధ పరికరాలను అడిగితే ధారాళంగా జవాబిస్తాయి. లేని సంపుటానికి సంఖ్యనూ, పుటనూ కూడా అంతే ధారాళంగా చెప్పగలవు. ఆ సంఖ్యను అభిలేఖాగారం జాబితాలో సరిచూడకుండా వాడరాదు.

తెలుగువారికి ఆసక్తి కలిగించే ఒక ఉదాహరణతో ఈ సరిచూడటం ఎలాగో చూద్దాం. మెడిచి గ్రాండ్ డ్యూకుల వద్ద ‘ఫ్లోరెంటైన్’ అనే 137 కేరట్ల లేత పసుపు వజ్రం ఉండేది. అది గోల్కొండ వజ్రమని అనేక పుటలు నిస్సంశయంగా రాస్తాయి. కృష్ణా తీరంలోని కొల్లూరు గనులను వర్ణించిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, గ్రాండ్ డ్యూకు వద్ద ఈ వజ్రాన్ని చూసినట్లు తన యాత్రా గ్రంథంలో రాశారు. అంతవరకు రూఢి. బ్రెజిల్‌లో వజ్రాలు దొరకడం 1720లలో మొదలైంది గనుక, అంతకు ముందే ఐరోపాకు చేరిన పెద్ద వజ్రం భారతదేశానిది కావడానికే అవకాశం ఎక్కువ. ఇది సమంజసమైన ఊహ. కొల్లూరు రశీదు మాత్రం కాదు. 1737లో మెడిచి వంశంలో చివరిదైన ఆన్నా మరియా లూయిజా కుటుంబ కళాసంపద ఫ్లోరెన్స్ దాటరాదని ఒప్పందం రాయించినా, వజ్రం హాబ్స్‌బర్గ్ రాజవంశంతో వియన్నా చేరింది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం అది మాయమైందని, బహుశా ముక్కలు చేసి అమ్మేశారని పుస్తకాలన్నీ రాస్తూ వచ్చాయి. 2025 నవంబరులో హాబ్స్‌బర్గ్ వారసులు అది కెనడాలోని ఒక బ్యాంకు ఖజానాలో భద్రంగా ఉందని వెల్లడించారు. అంతకు ముందు రాసిన పుటల్లో మాత్రం అది ఇంకా ‘జాడ తెలియని వజ్రం’గానే ఉంది.